తలకాయ కూరకు పొట్టేలు తల జర్మనీలో యాడ దొరుకుతాది? కాల్చింది కావల్ల

పొద్దుటూరు అబ్బోడు

అన్నలకీ అక్కలకీ నమస్తే. నాది పొద్దుటూరు, మూడేండ్లుగా జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఉండా. వచ్చే నెలకి మా నాయన పోయి ఏడాది అయితాది. ఊర్లో చేసేవన్నీ అమ్మ, అన్న చేస్తారు, నాకు లీవు దొరకలా, పోలేను. అందుకని ఆ పొద్దు ఇక్కడ ఇంట్లోనే ఆకేసి నా చేత్తో నాయనకు పెట్టుకోవల్లని అనుకున్నా, దానికోసరమే ఈ పోస్టు.

మా నాయనకు తలకాయ కూర, సంగటి ఉంటే పండగే. వేరే ఏ కూరకూ అంగడికి పొయ్యేటోడు కాదు, అమ్మనో అన్ననో పంపిచ్చేటోడు, తలకాయకు మాత్రం ఆదివారం పొద్దన్నే తానే వైరుబుట్ట తగిలిచ్చుకొని, నన్ను స్కూటర్ ముందర నిలబెట్టుకొని పొయ్యేటోడు. పొట్టేలును చూసి ఇదే కావల్లని చెప్పి, తల, నాలుగు కాళ్ళు కాల్పిచ్చి, ముక్కలు కొట్టేదాకా అక్కడే నిలబడి, మెదడు వేరేగా కట్టిచ్చుకొని వచ్చేటోడు. ఇంటికొచ్చినాక కూడా మా చొక్కాలకు ఆ కాల్చిన వాసన ఉండేది, అమ్మ స్నానం చెయ్యిపో అనేది. తినేటప్పుడు నాలుక నాకు, చెవులు అన్నకు, దవడ కండ అమ్మకు, ఆయన మాత్రం ఎముకలు చీక్కుంటా కూర్చునేటోడు.

ఇక్కడ నేను తిరిగింది చెప్తా. ఇండియన్ అంగట్లో గడ్డకట్టిన మేక ముక్కల ప్యాకెట్లు తప్ప ఏమీ లేదు. జర్మన్ మాంసం అంగడాయన తొడ ఉండాది, చాప్స్ ఉండాయి, తల మేం అమ్మం అన్నాడు. తుర్కీ వాళ్ళ అంగడి ఒకదాంట్లో తల ఉండాది కానీ తోలు మొత్తం వలిచేసి ఎర్రగా, కండ్లు బయటికొచ్చి, చూస్తానే తెలిసిపోయింది ఇది మన కూరకు కాదని. ఇంకో అంగడాయన పన్నెండు నెలలు పన్నెండు నెలలు అని ఏందో చెప్పినాడు, నాకొచ్చిన జర్మన్‌కి అది అర్థం కాలా.

తోలు లేకుండా, కాల్చకుండా చేస్తే అది తలకాయ కూర అని నాయనకు పెట్టడానికి నాకు మనసు ఒప్పదు. కాల్చిన తల యాడన్నా దొరుకుతాదా, దొరక్కపోతే తోలుతో ఉండే తల తెచ్చుకొని మనమే కాల్చుకోవచ్చా, ఆ పన్నెండు నెలల కథ ఏంది? లెక్క ఎంతైనా పర్వాలేదు, రెండు మూడు గంటలు కారేసుకొని పోవడానికి కూడా రెడీగా ఉండా. తెలిసినోల్లు చెప్పండి.

ఉరవకొండ అక్క (డాలస్)

తమ్ముడూ, నీ పోస్టు చదివినాక కాసేపు ఏం రాయల్లో తెలీలేదు. మా పక్క దీన్ని ఎడ పెట్టేది అంటాం, మా జేజికి ఎడ పెట్టేటప్పుడు ఆమెకిష్టమని రాగి సంగటి, చేపల పులుసు పెడ్తాంది మా అమ్మ ఇప్పటికీ. నువ్వు అనుకున్నది మంచి పని, ఇడిసిపెట్టొద్దు.

జర్మనీ సంగతి నాకు తెలీదు, అమెరికాలో ఉండేటోల్లు కూడా ఇది చూస్తారు కదా అని నాకు తెలిసింది రాస్తాండా. ఇక్కడ మటన్ అని అడిగితే ముసలి గొర్రె మాంసం ఇస్తారు, మేక కావల్లంటే గోట్ అనే అడగల్ల. అంగళ్ళలో గడ్డకట్టి ఉండే మేక ఎక్కువ శాతం ఆస్ట్రేలియా నుంచి వచ్చిందే, అది కూరకు పనికొస్తాది కానీ తల, కాళ్ళు, బోటి కావల్లంటే రెండే దార్లు. ఒకటి మెక్సికో వాళ్ళ మాంసం అంగళ్ళు, కార్నిసెరియా అని బోర్డు ఉంటాది, వాళ్ళు కూడా మన మాదిరే తల, పేగులు, కాళ్ళు ఏదీ పారెయ్యరు, మేకను చివో అంటారు, పాలు తాగే పిల్లనైతే కబ్రీతో అంటారు. రెండోది మేకల ఫారాలు. అమెరికా మొత్తంలో మేకలు ఎక్కువుండేది మా టెక్సాస్‌లోనే, శాన్ ఏంజెలోలో గొర్రెలకూ మేకలకూ పెద్ద సంత జరుగుతాది. ఊరి బయట హలాల్ ఫారాల్లో మనం చూపిచ్చిన దాన్ని కోసి ఇస్తారు. బోటితో పాటు ఊపిరితిత్తులు అడిగితే మాత్రం ఇయ్యరు, 1971 నుంచి అవి మనుషులు తినేదానికి అమ్మగూడదని ఇక్కడ రూలు, పాపం అంగడోల్లను అడిగి ఇబ్బంది పెట్టొద్దు.

నీకు దొరికితే తప్పకుండా మళ్ళీ వచ్చి రాయి తమ్ముడూ.

కదిరోడు (ఫ్రాంక్‌ఫర్ట్)

తమ్ముడూ నేను పదకొండేండ్ల నుంచి ఇక్కడే ఉండా, ఈ తలకాయ కోసం నేను కూడా శానా తిరిగినా, కాబట్టి వివరంగా రాస్తా, ఓపిగ్గా చదువు.

మొదట ఆ పన్నెండు నెలల సంగతి. యూరప్ మొత్తానికీ ఒక రూలు ఉండాది. గొర్రెకైనా మేకకైనా పన్నెండు నెలలు దాటితే, లేకుంటే చిగురు చీల్చుకొని పెద్దపన్ను వచ్చిందంటే, దాని పుర్రె, మెదడు, కండ్లు, వెన్నుపూస లోపలుండే తాడు, ఇవన్నీ మనుషులు తినేదానికి పనికిరావని తీసేసి కాల్చి పారెయ్యల్ల. పిచ్చి ఆవు జబ్బు వచ్చినప్పుడు పెట్టిన రూలు ఇది, గొర్రెల్లో కూడా స్క్రేపీ అని అట్లాంటి జబ్బే ఉండాది, అది మెదడులో, నరాల్లో ఉంటాది, ఎంతసేపు ఉడకబెట్టినా పొయ్యేది కాదు. అందుకే దీంట్లో అంగడోల్లను బతిమిలాడొద్దు, పెద్ద పొట్టేలు తల ఇయ్యమని ఒత్తిడి చెయ్యొద్దు, ఇస్తామన్నా తీసుకోవద్దు.

కానీ చూడు, ఆ రూలులో ఉండే పన్ను లెక్క మనకు కొత్తేం కాదు. మన సంతల్లో పొట్టేలు కొనేటప్పుడు నోరు తెరిచి చూసేది అదే కదా, పాలపండ్ల మీద ఉండాదా, రెండు పండ్లు వేసిందా, నాలుగు పండ్లదా అని. మా అబ్బ పన్ను చూసి వయసు చెప్తే నెల అటూ ఇటూ తప్పేది కాదు. ఏడాది దాటకుండా పాలపండ్ల మీద ఉండే పిల్ల తలకు ఇక్కడ అడ్డం లేదు, దర్జాగా తినొచ్చు, మెదడు కూడా తినొచ్చు. ఇంకొక మాట, ఈ దేశంలో గొర్రెలు ఎక్కువగా చలికాలం చివర్న, వసంతంలో ఈనతాయి, అంటే వచ్చే నెలకు అవి ఏడెనిమిది నెలల పిల్లలు, ఒళ్ళు చేసి బాగుంటాయి, నీ టైం కరెక్టుగా కుదిరింది.

అడిగేటప్పుడు ఏమని అడగల్లో చెప్తా. లామ్ అంటే ఏడాది లోపలి పిల్ల. హామెల్ అంటే విత్తులు కొట్టిన పెద్ద పొట్టేలు. షాఫ్ అంటే గొర్రె. త్సీగె అంటే మేక, కిట్స్ అంటే మేకపిల్ల. తల లామ్‌కొప్ఫ్. తుర్కీ అంగట్లో అయితే కుజు కెల్లె అను, కుజు అంటే గొర్రెపిల్ల, కెల్లె అంటే తల, కాళ్ళను పాచా అంటారు, మన పాయా మాదిరే ఉండాది మాట కూడా. బోటికి ఇష్కెంబె అను. జర్మన్‌లో బోటిని కుట్టెల్న్ అంటారు, మీ స్టుట్‌గార్ట్ పక్క దాన్ని పులుపేసి వండుకుంటారు, కాకపోతే అది పశువుది, మనకు పనికిరాదు. పాన్సెన్ అని రాసుంటే అది ఎక్కువగా కుక్కలకు అమ్మేది, చూసుకో. మేకపిల్ల కావల్లంటే ఈస్టర్ ముందర పాలమేకల ఫారాలకు పో, పోతుపిల్లలను వాళ్ళు యాడ అమ్మాల్నో తెలీక తక్కువకే ఇస్తారు.

ఇంక తోలు సంగతి. అంగట్లో తల కొనాలంటే ఎక్కువగా తోలు వలిచిందే ఉంటాది. అందుకే నువ్వు అంగడి వదిలేసి కాపరి దగ్గరికి పో. స్టుట్‌గార్ట్ నుంచి గంట దూరంలో ష్వేబిషె ఆల్ప్ అనే కొండలుండాయి, అక్కడ గొర్రెల మందలు శానా ఉండాయి. మన కురుబోల్లు మందలు తోలుకొని ఊరూరూ తిరిగినట్లే వీళ్ళలో కూడా చలికాలానికి మంద తోలుకొని కిందికి దిగే కాపర్లు ఇప్పటికీ ఉండారు. మీ పక్కనే మార్క్‌గ్రోనింగెన్ అనే ఊర్లో ప్రతి ఆగస్టులో కాపర్ల పండగ జరుగుతాది, కోత కోసిన చేలో ఆ కొయ్యకాళ్ళ మీద ఉత్త కాళ్ళతో పరుగు పందెం పెడతారు, నేను పోయినప్పుడు మా అనంతపురం పక్క జాతరలోనే ఉన్నట్లనిపిచ్చింది. అట్లాంటి కాపరిని పట్టుకొని, గొర్రెపిల్ల మొత్తం నేనే కొంటా, తల కాళ్ళు తోలు వలవకుండా వేన్నీళ్ళలో ముంచి బొచ్చు గీకి ఇయ్యండి అని ముందే మాట్లాడుకో. వాళ్ళే దగ్గర్లో ఉండే చిన్న కోత అంగడికి తీస్కపోతారు, పశువుల డాక్టరు చూసి ముద్ర వేస్తాడు. మనమే తెచ్చి ఇంటెనక కోసుకుందాం అని మాత్రం కలలో కూడా అనుకోవద్దు, ఇక్కడ స్పృహ తప్పిచ్చకుండా కొయ్యడం చట్టప్రకారం నేరం, హలాల్ వాళ్ళకు కూడా ప్రత్యేకంగా పర్మిషన్ ఉండల్ల.

వన్‌టౌన్ భాయ్ (కర్నూలు)

అన్నా సలాం. మాది కర్నూలు వన్‌టౌన్, తాత కాలం నుంచి మటన్ అంగడే మా ఇంట్లో. మేం సిరీ పాయా అంటాం, మీరు తలకాయ కాళ్ళు అంటారు, పని ఒకటే. నువ్వు చేత్తో కాల్చుకుంటా అంటాన్నావు కాబట్టి మా నాన్న నాకు నేర్పిచ్చిందంతా రాస్తా, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మా అంగట్లో బొగ్గుల పొయ్యికి చిన్న బ్లోయర్ పెట్టి కాలుస్తాం. తలను ఇనుప ఊచకు గుచ్చి మంటలో పెట్టి తిప్పుతా ఉండాల, ఒకేచోట ఆపకూడదు. ఆపితే తోలు పగిలి లోపలి కొవ్వు కారి మంట లేస్తుంది, అప్పుడొచ్చేది మాడు వాసన, అది కూర మొత్తానికి పడుతుంది, ఎన్ని మసాలాలేసినా పోదు. మొదట చెంపలు, నుదురు, తర్వాత మూతి, చివర్న చెవులు. చెవి లోపల, కంటి రెప్పల కాడ, పెదవుల మడతల్లో వెంట్రుక మిగిలిపోతుంది, అక్కడ ఎర్రగా కాలిన సన్న ఊచతో తాకిస్తాం. కొమ్ములుంటే వేడెక్కినాక దాని పైగుల్ల కదుల్తుంది, కత్తి వెనకవైపు పెట్టి ఒక దెబ్బేస్తే చిప్ప మాదిరి ఊడొస్తుంది. కాళ్ళ గిట్టలు కూడా అంతే, మంటమీంచి తీసిన వెంటనే కత్తిమొన దూర్చి తిప్పితే ఊడతాయి, చల్లారనిస్తే ఇంక రావు, మళ్ళీ కాల్చాల్సిందే.

కాల్చినాక నల్లగా ఉంటుంది, చూసి భయపడొద్దు. నీళ్ళు చల్లి కత్తిని ఏటవాలుగా పట్టి గీకితే మసి అంతా పోయి లోపల జొన్నరొట్టె కాలినట్లు పసుపు మీద గోధుమరంగు మచ్చలు కనపడతాయి. ఆ రంగు వస్తే సరిగ్గా కాలినట్లు. తెల్లగా ఉంటే కాలలేదు, మళ్ళీ మంట చూపించాల. తర్వాత పసుపు పూసి పది నిమిషాలుంచి మళ్ళీ గీకి కడగాల.

కొట్టేటప్పుడు ఇది చాలామందికి తెలీదు, మూతిని నిలువుగా చీల్చి ముక్కు గూళ్ళు తెరిచి శుభ్రం చెయ్యాల. గొర్రె ముక్కులో ఒక్కోసారి పురుగులుంటాయి, ఈగ పెట్టినవి, జీవాల మనిషికి ఎవరికైనా తెలుసు. మేం అంగట్లో ముక్కు లోపలి పొర మొత్తం తీసేసి ఇస్తాం, నువ్వు కూడా తీసేయ్. మా దగ్గర చింతమొద్దు, పెద్ద కత్తి ఉంటాయి, నీకక్కడ ఉండవు కదా, అక్కడి అంగడాయన దగ్గరే నిలువుగా రెండు చెక్కలు చేయించుకో, రంపంతో కోస్తే ఎముక పొడి పడుతుంది, బాగా కడుక్కోవాల.

కొందరు పాత టైర్లేసి కాలుస్తారు, కిరసనాయిలు పోస్తారు, అది విషం అన్నా, ఆ పని ఎవరూ చెయ్యొద్దు. మంచి బొగ్గు, లేకపోతే గ్యాస్ మంట, అంతే.

మీ నాయన కోసం దువా చేస్తా.

పొద్దుటూరు అబ్బోడు

కదిరన్నా, భాయ్, అక్కా, మీకు దండాలు. భాయ్ రాసింది చదువుతాంటే నాయన పక్కన నిలబడి చూసింది మొత్తం కండ్లముందరికొచ్చింది, కొమ్ము చిప్ప ఊడి కింద పడితే ఏరుకొని ఆడుకునేటోన్ని.

కదిరన్న చెప్పినట్లే చేసినా. ఆఫీసులో ఒకామె సొంతూరు ఆ కొండల్లోదే, ఆమె నెంబర్ ఇస్తే ఒక కాపరికి ఫోన్ చేసినా, రెండు గొర్రెపిల్లలు తీసుకుంటే తలలు నువ్వు చెప్పినట్లే ఇప్పిస్తా అన్నాడు. మాతో పాటు ఇక్కడ ఉండే ఇంకో రెండు తెలుగు ఫ్యామిలీలు మాంసం పంచుకుంటాం అన్నారు. కాల్చేదానికే ఇప్పుడు తిప్పలు, మా అపార్ట్‌మెంట్‌లో బాల్కనీలో మంట పెట్టనియ్యరు. గ్యాస్ టార్చ్‌తో కాల్చినోల్లు ఎవురన్నా ఉండారా?

ఇంకొకటి, అమ్మ ఉప్పుకండ పంపిస్తా అంటాంది. కదిరి నుంచి ఒకాయన వస్తాండాడు, ఎండబెట్టిందే కదా, నీళ్ళు లేవు కదా, సంచిలో అడుగున పెడితే ఏమైతాది అంటాంది. నాకు కూడా ఆశగానే ఉండాది. ఎవురన్నా తెచ్చుకున్నారా?

కదిరోడు (ఫ్రాంక్‌ఫర్ట్)

ఉప్పుకండ వద్దు తమ్ముడూ, అమ్మకు నచ్చజెప్పు. ఎండబెట్టినా, ఊరబెట్టినా, వండినా, బయటి దేశం నుంచి మాంసం, పాలతో చేసినవి యూరప్‌కి తెచ్చుకోకూడదు, దాంట్లో కిలో అర కిలో అనే లెక్క కూడా లేదు. పొయ్యిన సారి మా బామ్మర్దికి ఎయిర్‌పోర్టులో తీసి డబ్బాలో పడేసినారు, వాళ్ళమ్మ వారం రోజులు డాబా మీద ఎండబెట్టి కాకులు రాకుండా కాపలా కాసి పంపిచ్చింది, ఆయన మొహం చూళ్ళేకపోయినా.

అది వాళ్ళు మనమీద కక్షతో పెట్టింది కాదు, దాని ఎనక గాలికుంటు భయం ఉండాది. మన దగ్గర గాలికుంటు ప్రతి ఏడాదీ చూస్తాంటాం, గొర్రెలకు, ఎనుములకు నోట్లో పుండ్లు, కాళ్ళు కుంటడం, టీకాలు వేయిస్తాం. ఆ జబ్బు మాంసంలో కూడా బతికుంటాది. ఈ దేశంలో 1988 తర్వాత మళ్ళీ 2025 జనవరిలో బెర్లిన్ పక్కన బ్రాండెన్‌బుర్గ్‌లో ఎనుములకు గాలికుంటు కనపడింది, ఆ మంద మొత్తాన్ని చంపినారు, ఇక్కడి మాంసం, పాలు కొనకుండా శానా దేశాలు ఆపేసినాయి. ఇప్పుడు నువ్వు మాట్లాడుకున్న ఆ కాపరికి కూడా ఆ భయమే ఉంటాది, ఆయన మంద మంచిగుండల్ల కదా.

ఉప్పుకండ కావల్లంటే ఇక్కడి మాంసంతోనే చేసుకోవచ్చు. సన్నగా బద్దలు కోసి, ఉప్పు, పసుపు, కారం, తెల్లగడ్డ పట్టిచ్చి, దారానికి గుచ్చి, ఓవెన్‌లో 70 డిగ్రీల పైన పెట్టి తలుపు కొంచిం సందిచ్చి ఆరబెడతాం మేము. ఎండలో ఎండినంత రుచి రాదు, ఉన్నదాంట్లో మేలు.

ఆదోని పిల్ల (బెర్గెన్, నార్వే)

నేను ఇదంతా ఆలస్యంగా చూసినా, అయినా ఇంకా టైం ఉండాదనుకుంటా. అన్నా నువ్వు నమ్మవు, నేనుండే పక్క ఇక్కడి వాళ్ళు గొర్రె తలను మన మాదిరే కాల్చుకొని తింటారు! స్మాలాహోవె అంటారు. బెర్గెన్ నుంచి వంద కిలోమీటర్ల దూరంలో వోస్ అనే ఊరు దీనికి పేరు. పాత రోజుల్లో క్రిస్మస్ ముందర ఆదివారం తినేటోల్లంట. గొర్రెలు కొండల మీద మేసి సెప్టెంబర్, అక్టోబర్‌లో దిగుతాయి, అప్పుడు కోసి, తల మీద బొచ్చు మొత్తం మంటతో కాల్చి, గీకి, రెండు చెక్కలు చేసి, ఉప్పులో ఊరబెట్టి ఆరబెడతారు, కొందరు పొగ కూడా పెడతారు. తినే పొద్దు మూడు గంటలు ఆవిరి మీద ఉడికిచ్చి, ఉర్లగడ్డలు పక్కన పెట్టుకొని తింటారు. చెవి, కన్ను వేడిగా ఉన్నప్పుడే మొదట తినల్ల, అక్కడ కొవ్వు ఎక్కువ, చల్లారితే బాగుండదు అని నాకు పక్కింటి ముసలాయన చెప్పినాడు, మా అవ్వ కూడా చెవులు ముందు తినమని ఇదే మాట చెప్పేది ఆదోనిలో. ఇక్కడ కూడా ఇప్పుడు పిల్ల తలలే, కదిరన్న చెప్పిన స్క్రేపీ జబ్బు భయం వల్లనే. ఐస్‌లాండ్‌లో కూడా ఇట్లనే కాల్చిన తల ఉండాది, స్విద్ అంటారు, మామూలు సూపర్ మార్కెట్లోనే అమ్ముతారు.

టార్చ్ గురించి అడిగినావు కదా, మేం రెండుసార్లు కాల్చినాం. వంటింట్లో వాడే చిన్న టార్చ్ చాలదు, సగం కాక ముందే గ్యాస్ అయిపోతాది. కలుపు కాల్చేదానికి తోటపని సామాన్ల అంగట్లో పొడుగు గొట్టం టార్చ్ అమ్ముతారు, సిలిండర్‌కి తగిలిచ్చుకునేది, అది బాగా పనిచేస్తాది. రాతి మీద పెట్టి కాల్చు, మట్టిలో వద్దు. ముఖ్యంగా ఇది విను, మన గొర్రెలకు మొహం మీద పొట్టి వెంట్రుకలే కాబట్టి చటుక్కున కాలిపోతాయి, ఇక్కడి గొర్రెలకు నుదుటి మీద, మెడ కాడ జిడ్డు ఉన్ని ఉంటాది, అది కాలితే మరీ ఘాటు కంపు కొట్టి తోలుకు పట్టేస్తాది. మీ కాపరి వేన్నీళ్ళతో గీకి ఇస్తే సరే, లేకుంటే ముందు కత్తెరతో ఉన్ని మొత్తం తీసేసినాకనే మంట చూపిచ్చు. అపార్ట్‌మెంట్‌లో మాత్రం వద్దే వద్దు, ఆ కాపరినే వాళ్ళ కొట్టం ముందర కాల్చుకుంటామని అడుగు, కాదనడు.

పొద్దుటూరు అబ్బోడు

అందరికీ చెప్పి తీరల్ల కాబట్టి రాస్తాండా. నిన్న నాయనకు పెట్టుకున్నాం.

శనివారం పొద్దన్నే నేను, నా భార్య, ఇంకో ఇద్దరు కలిసి పొయ్యినాం. ఆ కాపరికి డెబ్బై ఏండ్లు ఉంటాయి, తలలు రెండు, ఎనిమిది కాళ్ళు వేన్నీళ్ళతో గీకిచ్చి, తలలు రెండు చెక్కలు చేయిచ్చి బకెట్లో పెట్టి రెడీగా ఉంచినాడు. కాల్చుకుంటాం అంటే ఎందుకని అడిగినాడు, నాకొచ్చిన జర్మన్‌లో మా నాయన సంగతి చెప్పినా. ఏం మాట్లాడలా, కొట్టం ఎనకకు పోయి ఒక బండరాయి దొర్లిచ్చుకొచ్చి మధ్యలో పెట్టినాడు, ఆయన దగ్గరే కలుపు కాల్చే టార్చ్ కూడా ఉండాది. చెక్కలు చేసింది కాబట్టి లోపలిపక్క మంట తగలకుండా బోర్లేసి కాల్చినాం. భాయ్ చెప్పినట్లు తిప్పుతా తిప్పుతా, చెవుల మడతలు చివర్న. మొదట రెండు నిమిషాలు ఉత్త పొగే, తర్వాత తోలు బిగుసుకొని చిటపటమని శబ్దం వచ్చి, ఆ వాసన వచ్చింది. అదే వాసన. నేను టార్చ్ ఆపి కాసేపు అట్లనే నిలబడిపోయినా, నా భార్య టార్చ్ చేతిలోంచి తీసుకొని మిగిలింది ఆమే కాల్చింది. గీకితే జొన్నరొట్టె రంగు కరెక్టుగా వచ్చింది భాయ్. ముక్కు గూళ్ళు తెరిచి చూస్తే శుభ్రంగానే ఉండాయి, అయినా పొర తీసేసినా.

కూర అమ్మ వీడియో కాల్‌లో ఉండి చెప్తాంటే చేసినా. ఎర్రగడ్డ నిప్పుల మీద కాల్చి నూరల్ల కదా, మా పొయ్యికి మంట ఉండదు, టార్చ్‌తో కింద పార్కింగ్ దగ్గర ఎర్రగడ్డలు నాలుగు, ఎండు కొబ్బెర చిప్ప కాల్చుకొచ్చినా. ధనియాలు, గసాలు, చెక్క, లవంగం, తెల్లగడ్డ అమ్మ చెప్పిన లెక్కే. కుక్కర్‌లో పెట్టొద్దు, మందపాటి గిన్నెలో సన్నమంట మీద పెట్టు, తోలు మెత్తబడల్ల కానీ కరిగిపోకూడదు అనింది అమ్మ, రెండున్నర గంటలు పట్టింది. ఆమెకు వాసన రాదు కదా, ఫోన్‌లో రంగు చూసి ఇంకొంచిం ఇంకొంచిం అని చెప్తానే ఉండాది, చివర్న చాల్లే దించు, మీ నాయనకు ఇట్లనే ఉండల్ల అనింది. సంగటి నా భార్య కెలికింది, కదిరన్న పంపిచ్చిన సంగటి కట్టె బాగా పనికొచ్చింది.

వియత్నాం వాళ్ళ అంగట్లో అరిటాకు దొరికింది. ఆకులో సంగటి ముద్ద గుంత చేసి, దాంట్లో కూర పోసి, చెనిక్కాయల ఊరిబిండి పక్కన పెట్టినా. నాలుక ఎప్పుడూ నాకే పెట్టేటోడు కదా, ఈసారి నాలుక మొత్తం ఆకులో ఆయనకే పెట్టినా.

మిగిలింది మేం తిన్నాం, మా నాలుగేండ్ల పాప చెవి అడిగి మరీ తినింది.

ఎనిమిది కాళ్ళు ఫ్రీజర్‌లో ఉండాయి, స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఎవురింట్లోనైనా కాలు విరిగినోల్లు, బాలింతలు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కాల్చి గీకి రెడీగా పెట్టినా, వచ్చి తీస్కపోవడమే. ఆ కాపరి క్రిస్మస్ ముందర మళ్ళీ కోయిస్తా అన్నాడు, ఈ తూరి ఎవురికన్నా తల కావల్లంటే రెండు వారాల ముందే నాకు చెప్పండి, తోలుతో ఉంచమని నేను ఫోన్ చేస్తా.